అన్న ఆడిన కారు ఆట

మొన్న కడప నుంచి వేంపల్లెకు వస్తుంటే, బస్సులో నా పక్కన కాలేజీ పిల్ల ఒకతె ఫోనులో కారు రేసు ఆడుతూ కూర్చుంది. బస్సేమో గీత గీసినట్టు తిన్నగా పోతోంది. ఈ పిల్ల మాత్రం ఫోనులో మలుపు వచ్చినప్పుడల్లా నా భుజం మీదికి ఒరిగిపోతోంది. రెండుసార్లు సర్దుకుని కూర్చున్నాను, మూడోసారి నవ్వేశాను. మా అన్న కూడా అచ్చం ఇట్లాగే ఒరిగేవాడు.

అప్పుడు మేము ఎర్రగుంట్లలో ఉండేవాళ్లం. నాయనకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. కిటికీలో పెట్టిన చెంబు మీద సాయంత్రానికల్లా బూడిదరంగు దుమ్ము పేరుకునేది. ఒక ఏడాది బోనసు వచ్చినప్పుడు నాయన టీవీకి తగిలించే వీడియో గేమ్ కొనిచ్చాడు. దాని క్యాసెట్ మీద వేల ఆటలని రాసి ఉండేది, తీరా చూస్తే ఉన్నవి ఆరే. రంగు మార్చి, పేరు మార్చి మళ్లీ మళ్లీ అవే. నాకు బాతుల్ని కాల్చే ఆట ఇష్టం. అన్నకు కారు తప్ప ఇంకోటి కంటికి ఆనేది కాదు. టీవీలో కారు ఎటు తిరిగితే చాప మీద తనూ అటు వంగేవాడు. "ఒరే, తిరిగేది కారు గదరా, నువ్వు యాల వంగుతాండావు?" అని నాయన పడీ పడీ నవ్వేవాడు. ఆదివారం ఆరాధన ముగిసేదాకా అమ్మ టీవీ ముట్టుకోనిచ్చేది కాదు. చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు కూడా అన్న బొటనవేళ్లు కదులుతూనే ఉండేవి. ఆ సంగతి చెబితే నేను కళ్లు తెరిచినట్టు బయటపడుతుంది కదా, అందుకని అమ్మకు ఏనాడూ చెప్పలేదు.

నా ఇష్టాలు ఎప్పటికప్పుడు మారాయి. బాతులు పోయి పాము వచ్చింది, పాము పోయి పేకలు వచ్చాయి, పెళ్లయ్యాక అవీ పోయాయి. అన్న మాత్రం కారును వదల్లేదు. పెద్దయి లారీ డ్రైవరయ్యాడు. పగలంతా స్టీరింగు తిప్పి, ఫ్యాక్టరీ గేటు ముందు లోడు కోసం వరుసలో ఆగితే, క్యాబిన్లో కూర్చుని ఫోనులో మళ్లీ రేసే. "ఇంకా తనివి తీరలేదా అన్నా?" అంటే, "లారీలో స్పీడుగా పోనీరు గదమ్మా, ఈడ పోతా" అనేవాడు.

నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో అన్నా వదినా మా ఇంటికొచ్చారు. చూస్తే అన్న ఫోనులో రంగురంగుల బుడగలు పగలగొడుతున్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఏందన్నా, చిన్నపిల్లల ఆట ఆడుతాండావు? కారు తోలేది మర్చిపోయినావా?" అన్నాను. "వయసైపాయ గదమ్మా" అని నవ్వాడు. నేను అంతటితో ఆగానా? సంతోషిస్తాడనుకుని, కొత్త రేసు ఆట ఒకటి మా పాప చేత అన్న ఫోనులో ఎక్కించాను. పాప తెచ్చి చేతిలో పెడితే కాదనలేక తీసుకున్నాడు. కారు కొంచెం దూరం పోయింది. మలుపు దగ్గర ఆపేశాడు. వెనకనున్న కార్లన్నీ దాటిపోతున్నాయి.

"మామా, నొక్కు! అందరూ పోతాండారు!" అని పాప గంతులేసింది.

"పోనీలేమ్మా. ఎవురన్నా అడ్డమొస్తే?"

"ఆటలో ఎవురూ రారు మామా!"

అన్న ఫోను పాపకిచ్చి, లేచి పెరట్లోకి పోయాడు. చాలాసేపు కొళాయి చప్పుడు వినపడింది.

సంగతేమిటో వంటింట్లో వదిన చెప్పింది. అప్పటికి రెండు నెలల ముందు ఒక పొద్దున మలుపులో, గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన చెదిరిన గొర్రెపిల్ల కోసం ఉన్నట్టుండి లారీకి అడ్డం వచ్చాడట. బతకలేదు. తప్పు నీది కాదని పోలీసులూ అన్నారట, ఆ ముసలాయన కొడుకూ అన్నాడట. "ఎవురు జెప్పినా ఇనల్యా. లారీ ఇడిసిపెట్టి, లోడు తూచే కాటా కాడ చీటీలు రాస్తాండాడు. మీకు జెప్పొద్దన్యాడు" అని వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా నోరు పడిపోను! కారు తోలేది మర్చిపోయావా అని అడిగిందాన్ని నేనే కదా.

ఆ సాయంత్రం అన్న పక్కన కూర్చున్నాను. "ఈ బుడగల్లో ఏముందన్నా?" అన్నాను. ఫోను మీంచి కళ్లెత్తకుండానే, "దీంట్లో ఎవురికీ ఏం గాదు గదమ్మా" అన్నాడు.

ఏళ్లు గడిచేకొద్దీ మనిషి ఇష్టాలు మారతాయంటారు. నావి అట్లాగే మారాయి, ఎప్పుడు మారాయో నాకే తెలియదు. మా అన్న ఇష్టం మాత్రం ఒక్క పొద్దున, బ్రేకు మీద కాలు పడేలోపల మారిపోయింది.