రాబోయే సరుకు

సావుకారు పోయారన్న కబురు నాకు మలక్‌పేట బస్టాపులో తెలిసింది. బుధవారం పొద్దున ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉన్నాను. నాన్న ఫోన్ చేసి, "సావుకారు పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల ఒరిగిండట, గంతే," అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. దాచుకోవడం ఎందుకు, నాకు ముందు గుర్తొచ్చింది మా పాటే. "ఆదివారం వింటనని మాటిచ్చిండు గద నాన్నా," అన్నాను. ఏడుపు ఆ తర్వాత బస్సులో వచ్చింది.

ఆయన ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు టోకు వ్యాపారి. మా నాన్న ఆయన దుకాణంలో ఇరవై రెండేళ్లు కాంటా దగ్గర పనిచేశాడు. గంజ్ బజారంతా ఆయన్ని సావుకారు అనే పిలిచేది, నేనూ అంతే. ఆయనకు పాట రాదు, వాయిద్యం రాదు. పెళ్లి బారాత్‌లో బ్యాండు వాళ్లు దగ్గరికొస్తే చెవులు మూసుకుని అవతలి గల్లీలోకి పోయే మనిషి. అలాంటి మనిషి, సొంతంగా పాటలు కట్టుకుని ఎవరి దన్నూ లేకుండా వాయించుకునే మాలాంటి నాలుగు బ్యాండ్లకు పెద్దదిక్కు అయ్యాడంటే కొత్తవాళ్లు నమ్మరు.

దానికి మొదటి కారణం మా ఇంటి పక్కవాళ్లు. అప్పుడు మా ఇల్లు కార్వాన్‌లో. నేను పాడతాను, ఒకడు గిటారు, ఒకడు డ్రమ్స్, ఇంకొకడు డప్పు. మా గదిలో ప్రాక్టీసు మొదలైతే చాలు, గల్లీ అంతా గుమ్మంలో నిలబడి లొల్లి. నాన్న ఈ గోడు దుకాణంలో చెప్పుకున్నట్టున్నాడు. మరుసటి రోజు సావుకారు నన్ను పిలిపించారు. "ఆదివారం గంజ్ బందుంటది. గోదాంల పాడుకోండ్రి. గోనె బస్తాలు చప్పుడు మింగుతయి, బయటికి పోదు. అగ్గిపుల్ల మాత్రం గీకొద్దు," అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. మా తర్వాత ఇంకో మూడు బ్యాండ్లు అదే గోదాం పట్టాయి. ఆదివారం ఒక్కొక్కరికి రెండేసి గంటలు.

ఇక ఆ బోర్డు సంగతి చెప్పాలి. దుకాణం గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు ఉంటుంది. దాని నెత్తిన తెల్ల పెయింటుతో 'రాబోయే సరుకు' అని రాసి ఉంటుంది. ఏ ఊరి చింతపండు ఏ రోజు దిగుతుందో సావుకారు అక్కడ రాసేవారు. దానికో పద్ధతి ఉంది. బకెట్లో ముంచిన గోనెగుడ్డతో ఒక్క వరుస మేరకే తుడిచి, ఆ తడి మీదే సుద్దముక్కతో రాస్తారు. తడిగా ఉన్నంతసేపూ అక్షరం సరిగ్గా కనబడదు. ఆరే కొద్దీ తెల్లగా తేలుతుంది, తేలాక ఎవరి భుజం రాసుకున్నా తొందరగా చెరగదు. కొత్తగా వచ్చినవాళ్లు "ఏం రాయలేదేంది సావుకారూ?" అని అడిగితే, "ఆగు, కనవడ్తది," అనేవారు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఒక రోజు చూస్తే ఆ చింతపండు వరుసల కింద ఒక బ్యాండు ప్రోగ్రాం రాసి ఉంది. ఫలానా శనివారం సాయంత్రం, ఫలానా చోట అని. ఇంగ్లీషు పేర్లు ఆయనకు నోరు తిరిగేవి కావు. అందుకని తనకు తోచినట్టు రాసేవారు: 'పిల్లనగ్రోవి పోరలు', 'పెద్ద జుట్టు గిటారోళ్లు'. ఒక బేరగాడు అది చూసి, "ఏ కౌన్సా మాల్ హై సేఠ్? కహాఁ సే ఆతా?" అని, అది ఏ ఊరి సరుకో నిజంగానే అడిగాడు. సావుకారు నవ్వకుండా, "ఇసీ షహర్ కా మాల్ హై. జాకే సునో," అన్నారు. ఈ ఊరి సరుకే, పోయి వినమని. ఆ బేరగాడు పోయి విన్నాడో లేదో తెలియదు కానీ, బెల్లం దుకాణాలవాళ్లూ మిర్చి దుకాణాలవాళ్లూ మాత్రం ఆ బోర్డు చూసి పోయేవారు. సావుకారు బోర్డు మీద ఉంటే సరుకు బాగుంటుందని వాళ్ల నమ్మకం. చేతిలో పట్టి చూడనిది ఆయన ఏనాడూ బోర్డు ఎక్కించలేదు.

ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఒక్కసారి ఎక్కించారు. మమ్మల్నే.

నాలుగేళ్ల కిందట జనవరిలో మా మొదటి పెద్ద ప్రోగ్రాం, ఒక మైదానంలో. నేను తన కాంటా మనిషి బిడ్డను కదా, ఆ మురిపెంలో ఆయన మా పాట ఒక్కసారి కూడా వినకుండా 'మన గోదాం పిల్లలు' అని రాసేశారు. మేమూ నెల రోజులు గట్టిగా ప్రాక్టీసు చేశాం. నా గొంతు గోదాంలో గంట మోగినట్టు మోగింది. ఎంత మురిసిపోయానో! మాకు తట్టని సంగతి ఒకటే. కొత్త చింతపండు ఇంకా దిగలేదు, పాతది అయిపోయింది, గోదాం ఖాళీ. మోగింది నా గొంతు కాదు, గోడలు.

మైదానంలో గోడలు ఉండవు. మొదటి పాట రెండో చరణానికే నా గొంతు సన్నగిల్లింది. డ్రమ్స్ కింద డప్పు మునిగిపోయింది. ముందు వరుసలో సావుకారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నారు, పక్కన బోర్డు నమ్ముకుని వచ్చిన నలుగురు వ్యాపారులు. నాలుగో పాట మధ్యలో ఆ నలుగురూ ఒకరి తర్వాత ఒకరు లేచారు. సావుకారు ఆఖరిదాకా కదల్లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

సోమవారం దుకాణానికి పోయేసరికి ఆయన మా వరుస తుడుస్తున్నారు. నన్ను చూసి, "తప్పు నాది బిడ్డా. నమూనా చూడకుంట రాసిన," అన్నారు. తిట్టినా పడేదాన్ని. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. రెండు నెలలు గంజ్ వైపు పోలేదు. మార్చిలో నాన్నతో కబురు పంపారు: "చింతపండు దిగింది. ఇప్పుడు పాడుమను."

మొహం మాడ్చుకునే వెళ్లాను. గోదాం పైకప్పుదాకా బస్తాలు. నోరు తెరిచి పాడితే పాట పెదవి దాటి రెండడుగులు కూడా పోలేదు. సావుకారు అవతలి గోడ దగ్గర, బస్తాల వెనకాల స్టూలు వేసుకుని మాకు వీపు పెట్టి కూర్చున్నారు. పాట అయ్యాక అక్కడినుంచే అన్నారు, "ఖాళీ గోదాంల అందరు మంచిగనే పాడతరు. నిండిన గోదాంల పాడాలె. ఆఖరి మాట నా దాంక రాలె."

అదే ఆయన పరీక్ష. రాగం బాగుందా, తాళం తప్పిందా, అవేవీ ఆయనకు పట్టవు. ప్రతి వరుసలో ఆఖరి మాట బస్తాలు దాటి తన దాకా రావాలి. మిగతా మూడు బ్యాండ్లకు ఏడాదిలోపే వచ్చింది, వాళ్లు బోర్డు ఎక్కారు. మాకు రాలేదు. నాకు వరుస మొదట్లో గట్టిగా ఎత్తుకుని చివర్లో ఊపిరి వదిలేసే అలవాటు. మూడేళ్లపాటు ఆదివారం ఆదివారం అదే మాట: "మూడో పాటల ఆఖరి మాట రాలె." "ఇయ్యాల రెండింటిల వచ్చింది, మిగిలినయి రాలె." మనిషి మెత్తన, మాట మాత్రం మొండి. మధ్యలో నా గొంతు ఆయన సొత్తయినట్టు కాపలా ఒకటి. గోదాంలో ఉన్నది చింతపండే అయినా రెబ్బ నోట పెట్టనిచ్చేవారు కాదు. పక్క దుకాణం నుంచి బెల్లం ముక్క తెచ్చి కాగితంలో చుట్టి స్టూలు మీద పెట్టి ఉంచేవారు.

నిరుడు ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "మా పేరు ఎప్పుడు రాస్తరు సావుకారూ?"

"రాసెటప్పుడు రాస్త."

"కాలేజీలల్ల పాడినం, కేఫుల పాడినం. అందరు మంచిగుందనే అంటున్నరు."

"అననీ బిడ్డా. వాళ్లు ముంగట కూసున్నరు. నేను బస్తాల ఎన్క కూసున్న."

కోపంతో సుద్దముక్క తీసుకుని నేనే రాశాను, మా ఇంగ్లీషు పేరు, పెద్ద అక్షరాలతో, పొడి బోర్డు మీద. సాయంత్రం వచ్చి చూస్తే వచ్చేపోయే హమాలీల భుజాలు తగిలి సగం పోయింది. నేను ఆయన వైపు చూశాను. "నేను ముట్టలే బిడ్డా. ఎండు మీద రాస్తే నిల్వది," అన్నారు. అందులో ఎగతాళి లేదు. నాకే నవ్వొచ్చింది, ఆయనా నవ్వారు. ఆ రోజు నుంచి మా మధ్య పంతం పోయింది. పని మిగిలింది.

ఈ నెలాఖరు శనివారం ఒక ఆడిటోరియంలో ఐదు బ్యాండ్ల ప్రోగ్రాం ఉంది. అన్నీ సొంత పాటలే, జానపదం వాళ్లు కొందరు, రాక్ వాళ్లు కొందరు, రెండూ కలిపి కొట్టే మాలాంటివాళ్లు కొందరు. మా వంతు నాలుగోది. దానికోసం కొత్త పాట ఒకటి కట్టాం, గంజ్‌లో బస్తా దించే మనుషుల మీద. నాలుగేళ్లలో మొదటిసారి నా ఊపిరి వరుస చివరిదాకా నిలుస్తోందని నాకే తెలుస్తోంది. చనిపోవడానికి ముందటి ఆదివారం సావుకారు గోదాంకు రాలేదు, ఆయాసంగా ఉందట. "వచ్చే ఆదివారం తప్పకుంట వింటనని చెప్పు," అని నాన్నతో అన్నారు. బుధవారమే వెళ్లిపోయారు.

అందుకే బస్టాపులో నాకు పాట గుర్తొచ్చింది. విని ఆయన రాసేవారా? నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. మంచి మనిషి పోయినప్పుడు 'నన్ను మెచ్చుకున్నారు' అని రాసుకునే అదృష్టం అందరికీ ఉండదు. నాకు లేదు. కానీ నేను గొంతెత్తి పాడే ప్రతి వరుసకూ చివర ఒక స్టూలు ఉంటుంది, దాని మీద ఒక వీపు ఉంటుంది. అది ఇచ్చినందుకు ఆయనకు దండం పెట్టుకోవాలని అంత్యక్రియల నాడు అనుకున్నాను, జనంలో దగ్గరికి పోలేకపోయాను.

దినాలు అయిపోయాక ఆయన కొడుకు గోదాం తాళం నాన్న చేతికిచ్చి పంపాడు. "ఆదివారం బందు పెట్టకుండ్రి. బాపుకు మంచిగనిపియ్యది," అన్నాడట. వెళ్లాం. గుమ్మం దగ్గర బోర్డు అలాగే ఉంది, ఆయన చేతిరాతలోనే. దిగిపోయిన లోడ్లు, అయిపోయిన ప్రోగ్రాములు. ప్రోగ్రాం అయిన మరునాడే తుడిచేసే మనిషి లేడు, తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

లోపల బస్తాలు పైదాకా ఉన్నాయి. పనిలేని రోజైనా హమాలీల మేస్త్రి వచ్చి కూర్చుని ఉన్నాడు, డెబ్బై ఏళ్ల మనిషి. సావుకారు దగ్గర నలభై ఏళ్లు బస్తా మోశాడు. ఆయనే లేచి బస్తాల వెనక్కి పోయాడు. స్టూలు జరిగిన చప్పుడు వినబడింది. మా వాళ్లు నా మొహం చూశారు. డప్పు మొదలైంది.

కొత్త పాట పాడాను. గట్టిగా పాడాలని కాదు, ఆఖరి మాట అవతలి గోడదాకా పోవాలని పాడాను. పాట అయ్యాక మేస్త్రి కళ్లు తుడుచుకుంటూ బస్తాల వెనక నుంచి వచ్చి, మా ముందు నుంచే గుమ్మం దాకా నడిచాడు. బకెట్‌లో గోనెగుడ్డ ముంచాడు. సావుకారు రాసిన వరుసల్లో ఒక్కటీ ముట్టకుండా, అన్నిటి కిందా ఉన్న చోటును తుడిచి, సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.

"సావుకారు ఉంటే రాస్తుండెనో లేదో నాకు ఎర్కలే బిడ్డా. నా దాంకైతె వచ్చింది. నాకు రాసుడు రాదు. నువ్వు రాయి."

ఇంగ్లీషు పేరు రాయబోయి ఆగాను. 'మన గోదాం పిల్లలు, నెలాఖరు శనివారం సాయంత్రం' అని రాశాను. తడి మీద ఏమీ కనబడలేదు. అటుగా పోతున్న ఎవరో ఆగి, "ఏం రాసిండ్రమ్మా, ఏం కనవడ్తలేదు?" అన్నారు. ఆగమన్నట్టు చెయ్యి చూపి పక్కకు జరిగాను. మార్చి ఎండ బోర్డు మీద పడుతోంది. మేము ఐదుగురం గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాం. తడి ఒక అంచు నుంచి ఆరుతూ వచ్చింది. ఆయన అక్షరాల కింద, ముందు 'మన' ఒక్కటీ తెల్లగా తేలింది.