పుదీనా కుండీ కింద టైల్

జిరోనా ఊరి పాతబస్తీలో ఫెలీవు మేస్త్రీ కాలుపెట్టని ఇల్లు లేదు. కాలుపెట్టిన ఇంట్లో పాత నేల మిగిలిందీ లేదు. అన్నీ తాతల నాటి పూల టైల్సే, గది మధ్యలో తివాచీ పరిచినట్టుండేవి. మొజాయిక్ కొత్తగా వచ్చిన రోజుల్లో జనం అదే కావాలన్నారు, ఆయన సుత్తి పట్టాడు. ఇప్పుడు దేశదేశాల వాళ్లు టికెట్ కొని మరీ మ్యూజియంలో అలాంటి టైల్స్ చూసిపోతుంటే ముసలాయన ప్రాణం ఉసూరుమంటుంది.

అన్నిట్లోకీ సొంతింటి సంగతి తలుచుకుంటేనే ఎక్కువ కుమిలిపోతాడు. ఆయన రెమెయిని పెళ్లి చేసుకుని ఆమె పుట్టింటికి ఇల్లరికం వచ్చాడు. భోజనాల గదిలో ఎర్ర దానిమ్మ పూల నేల. రెమెయి నడక నేర్చింది దాని మీదే.

"ఒక్కొక్కటీ ఊడదీసి దాచిపెట్టు నాయనా," అని అత్తగారు బతిమాలింది.

"నేలలు వేసేవాడి ఇంట్లో ముసలమ్మల గచ్చా? ఊరు నవ్వుతుంది అత్తయ్యా."

ఒక గురువారం భోజనాల వేళకి అంతా పెంకులైపోయింది. రెమెయి అన్నానికి కూర్చోలేదు. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. ఒక్కసారి తిట్టిపోసినా బాగుండేదని నలభై తొమ్మిదేళ్లుగా ఆయనకి అనిపిస్తూనే ఉంది.

మొన్న మధ్యాహ్నం వీధి చివరి బార్లో వెర్మూత్ వైన్ గ్లాసూ ఆలివ్ కాయలూ ముందేసుకుని కూర్చుంటే, మ్యూజియం అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. పక్కూళ్లో ఎవరింట్లోదో దానిమ్మ పూల నేల తెచ్చి అక్కడ పరుస్తున్నారట. మూల టైల్ ఒక్కటి తక్కువైందట.

"మీ దగ్గరేమైనా ఉందా తాతగారూ?"

"నా దగ్గరెందుకుంటుందమ్మా, పగలగొట్టినవాణ్ణి."

ఇంటికెళ్లి అదే చెప్పాడు. వంకాయలు కాలుస్తున్న రెమెయి చెయ్యి కడుక్కుని డాబా మీదకెళ్లి, తల్లి పెట్టిన పుదీనా కుండీ పక్కకి జరిపింది. కింద మట్టి పట్టిన మూల టైల్. తడిగుడ్డతో తుడిస్తే దానిమ్మ పువ్వు ఎర్రగా బయటపడింది. ఇన్నేళ్లూ ఆ కుండీకి రోజూ నీళ్లు పోస్తున్నది ఫెలీవే.

"దాచావా?"

"అమ్మ దాచింది. నీ కంటబడితే ఉంచేవాడివా?"

"తప్పు చేశాను రెమెయి."

"ఆ ముక్క అమ్మ ఉన్నప్పుడు అనాల్సింది. తీసుకెళ్లు. అక్కడైతే నీ సుత్తికి అందదు."

మ్యూజియంలో టైల్ ఆయనే పరిచాడు. వెంట్రుకవాసి తేడా రాలేదు. ఆదివారం రెమెయి చూడ్డానికొచ్చి, చెప్పులు విడిచి, చుట్టూ కట్టిన తాడు దాటి ఆ పూల మీద కాలు పెట్టబోయింది. మ్యూజియం అమ్మాయి మర్యాదగానే ఆపింది.

"తాడు దాటకూడదమ్మా. దీని మీద ఇంకెవరూ నడవకూడదు."

రెమెయి కాలు వెనక్కి తీసుకుంది. ఫెలీవు వంగి ఆమె చెప్పులు అందించాడు.