తానం బండ పక్క సంపెంగ

మొయినాబాద్ దాటగానే రోడ్డుకు రెండు పక్కలా మొక్కల నర్సరీలే. మొన్న మా మనవరాలు స్వప్న, కొత్తగా కట్టుకుంటున్న ఇంటి ముందర మంచి చెట్టు ఒకటి పెట్టాలని, నన్ను కారులో కూర్చోబెట్టుకొని అక్కడికి తీసుకుపోయింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఏళ్లు దాటిన తర్వాత. అందుకని ఇప్పటికీ కంటబడిన బోర్డునల్లా పైకే చదువుతాను, పక్కనున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. ‘మాగ్నోలియా మొక్కలు ఇక్కడ దొరుకును’ అని చదివి, అదేం చెట్టో చూద్దామని లోపలికి నడిచేసరికి, మోకాలెత్తు కూడా లేని ఒక కుండీ మొక్క మీద విచ్చుకున్న ఒకే ఒక్క పసుపుపచ్చ పువ్వు నన్ను కదలనియ్యలేదు. పేరు ఎవరు ఏదన్నా పెట్టుకోనీ, ఆ వాసన నాకు తెలుసు. అది సంపెంగ.

“ఇది అంటు మొక్క, ఇప్పటి నుంచే పూస్తది. ఆ పక్కది విత్తనం మొక్క, పూతకు ఏడెనిమిదేండ్లు పడ్తది గాని ఇంటి కంటె ఎత్తు పెరుగుతది. ఏది ఇయ్యాలె?” అన్నాడు నర్సరీ అతను.

ఇదే మాట, ఇలాంటి రెండు మొక్కలనే ఎదురుగా పెట్టుకొని, మా చేవెళ్ల ఇంటి వాకిట్లో విన్నాను నేను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో.

మాది ఊరి చివర గూనపెంకల ఇల్లు. తొలకరి పడితే ఎర్రమన్ను వాసన, ఆ వెనకనే నిప్పుల మీద కాల్చిన మక్కకంకుల వాసన, చలికాలం వస్తే పొయ్యి మీది జొన్నరొట్టెల వాసన, కుండలో ఉప్పేసి ఉడికించిన కందికాయల వాసన, ఇట్లా ఏ కాలం వచ్చిందో కళ్లు మూసుకొని కూడా చెప్పగలిగే ఇల్లు అది. బతుకమ్మ పండుగకు చేలగట్ల వెంట తిరిగి ఒడినిండా తంగేడు, గునుగు కోసుకొచ్చేవాళ్లం, అమ్మ రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తే వేళ్ల సందుల్లో అంటింది కూడా వదలకుండా నాకేవాళ్లం, మధ్యాహ్నాలు అరుగు మీద చింతగింజలతో వామనగుంటలు ఆడి ఓడినవాళ్లను ఏడిపించేవాళ్లం. అన్నీ ఉండేవి కాని, తలలో పెట్టుకునే పువ్వు ఒక్కటి మా వాకిట్లో లేదు. చుట్టూ అన్నీ బీర, సొర, మిరప, తినేవే.

ఇంట్లోకి ఏది రావాలన్నా మా బాపు తల్లి, మా అవ్వ, చూసి ఒప్పుకోవాలి. కుండను చెవి దగ్గర పెట్టుకొని కొట్టి చూసేది, బర్రెను తోక నుంచి కొమ్ముల దాకా తడిమి చూసేది, విత్తనాలను పంటి కింద పెట్టి కొరికి చూసేది. ఆమె వద్దన్నది గడప దాటి లోపలికి వచ్చింది నేనైతే చూడలేదు.

బాపు బండి మీద కూరగాయలు పట్నానికి తోలుకుపోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మొయినాబాద్ దగ్గర ఒక నవాబు గారి తోటలో ఎడ్లకు నీళ్లు పెట్టుకోవడం అలవాటు. ఆ తోటమాలి ఒకనాడు రెండు సంపెంగ మొక్కలు బండిలో పెట్టి, “నచ్చింది ఉంచుకో, రెండోది వాపస్ తెచ్చియ్యి” అన్నాడట. మాకైనా రెండిటికి చోటు లేదు. ఎండాకాలం వస్తే మా వాకిట్లో మొక్క బతికేది ఒక్క చోటనే, ఇంటిల్లిపాదీ స్నానం చేసే తానం బండ పక్కన, కుంకుడు నురగతో నీళ్లు పారే ఆ కాస్త తడిలో.

అప్పటికే నా పెండ్లి అయిపోయింది. ఆ పెండ్లిలో నాకు గుర్తున్నవి పసుపు బట్టలు, బూరెలు, అంతే. మా అత్తగారిది శంకర్‌పల్లి దిక్కు ప్రొద్దుటూరు. నేను పెద్దమనిషినైతే తీసుకుపోతారని, అందుకు నాలుగైదేళ్లు ఉన్నదని ఇంట్లో అందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు. అందుకే బాపు రెండు మొక్కల సంగతి చెప్పంగనే నేను ఎగిరి అంటు మొక్కను పట్టుకున్నాను.

“గిదే పెడదామవ్వా, తొందరగ పూస్తది.”

అవ్వ ఆ మొక్క మొదట్లో కట్టిన నార విప్పి, అతుకును వేలితో నొక్కి చూసి, పెదవి విరిచింది. “గీ అతుకుల చెట్టు మనకెందుకే? విత్తనందే పెట్టాలె.”

“అది పూసేటాళ్లకు నేను ప్రొద్దుటూర్ల ఉంట. గా పువ్వులు ఎవలు పెట్టుకోవాలె మరి?”

“నీ తమ్ముని పెండ్లాం పెట్టుకుంటది.”

మా తమ్ముడు అప్పుడు ఉయ్యాలలో కాలి బొటనవేలు నోట్లో పెట్టుకొని పడుకొని ఉన్నాడు. “బొడ్డూడనోనికి పెండ్లామా!” అని అమ్మ పొయ్యి దగ్గర కూర్చొని పగలబడి నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అవ్వ నన్ను దగ్గరికి లాక్కొని, కొంగుతో నా ముక్కు తుడిచి అన్నది, “ఓ సత్తీ, నువ్వు పోయే ఇంట్ల నీ కోసం ఎవలో ఒకలు పెట్టే ఉంటరు. ఫికర్ చెయ్యకు. మనింటికి వచ్చే పిల్లకు మనం పెట్టాలె.”

తెల్లారి అంటు మొక్క బండెక్కి వాపసు పోయింది. నేను ఊరుకోలేదు. తమ్ముని ఉయ్యాల ఊపడం మానేశాను. నా తానం నీళ్లు ఒక్క చుక్క కూడా ఆ చెట్టుకు పోవద్దని చెలక బావి దగ్గరికి పోయి స్నానం చేసి రావడం మొదలుపెట్టాను. “అది నీ నీళ్ల కోసం ఏడుస్తలేదు పో,” అనేది అవ్వ. కాని ఆ ఎండాకాలం బావులు అడుగంటి, ఇంట్లో చెంబెడు నీళ్లతో అందరూ ఒళ్లు తడుపుకునే రోజులొచ్చినప్పుడు, దాని పొడుగాటి ఆకులు చెవులు వేలాడేసిన మేకపిల్లలాగా అయిపోయాయి. చూసి చూసి, ఒకరోజు ఎవరూ చెప్పకుండానే వచ్చి తానం బండ మీద కూర్చున్నాను. అవ్వ చెంబు ముంచి నా నెత్తిన నీళ్లు పోసింది.

నేను అత్తగారింటికి పోయే నాటికి అది బాపు కంటే ఎత్తయింది, మొగ్గ మాత్రం తొడగలేదు. నాకు రంది లేదు. ప్రొద్దుటూరిలో బండి దిగిన సాయంత్రమే, తలమీది కొంగు సర్దుకుంటూ ఇంటి చుట్టూ తిరిగి చూశాను. ముందర వేప, పక్కన గడ్డివాము, వెనక చిక్కుడు పందిరి.

“అత్తా, సంపెంగ చెట్టేడున్నది?” అని అడిగాను.

ఊడుస్తున్న మా అత్త చీపురు ఆపింది. “మనింట్ల సంపెంగ చెట్టెక్కడిదే?”

“నా కోసం పెట్టలేదా?”

ఆమె నన్ను ఎగాదిగా చూసి, గోడకు ఆనుకొని కళ్లల్ల నీళ్లొచ్చేదాకా నవ్వి, “నా కోసమే ఎవ్వలు పెట్టలే బిడ్డా!” అన్నది. ఆ ముచ్చట బావికాడ చెప్పింది, చెలకల చెప్పింది, షాబాద్ సంతలో కలిసిన చుట్టాలకు కూడా చెప్పింది. అది తిరిగి తిరిగి చేవెళ్ల చేరింది.

రెండు వానకాలాలు గడిచాక ఒక మధ్యాహ్నం బాపు బండి వచ్చి మా వేప కింద ఆగింది. లోపల అవ్వ. ఒళ్లో ఇత్తడి చెంబు, దాని మూతికి తడిబట్ట. తెల్లవారుజామున బయలుదేరి, ఆ దారి గుంతలన్నిటిలోనూ చెంబు తొణకకుండా పట్టుకొని వచ్చింది. బట్ట తీస్తే నీళ్ల మీద తేలుతూ సంపెంగలు, మొదటి పూత. అంచులు అప్పటికే నల్లబడుతున్నాయి, వాసన మాత్రం ఇల్లంతా నిండింది.

“వచ్చే పిల్లకు అన్నవు గదనే అవ్వా?” అన్నాను.

“ఆ ఉయ్యాల పిల్లగానికి ఇంక మూతి మీద మీసం మొలవలే. అప్పటిదాంక ఎవలన్న పెట్టుకోవాలె గద!”

అని, ఒక పువ్వు తీసి నా జడలో పెట్టింది. ఇంకొకటి తీసి మా అత్తను పిలిచింది. “నీకు గూడ ఎవలు పెట్టలేదంట గద, ఇటు రా.” “ఈ వయసుల నాకెందుకు పెద్దమ్మా,” అంటూనే మా అత్త తల వంచింది. ఆ పూట నీళ్లకని బయటికి పోయిన మనిషి నాలుగిండ్లు తిరిగి గాని ఇంటికి రాలేదు.

తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చిన మా మరదలికి సంపెంగ వాసనకు తలనొప్పి లేచేది. పుట్టింటికి పోయినప్పుడల్లా ఆ చెట్టు పువ్వులన్నీ నేనే పెట్టుకున్నాను. అవ్వ బతికుండి ఉంటే ఏమనేదో గాని, నాకైతే నవ్వొచ్చేది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్టూ పోయింది. తానం బండ ఎవరింటి పునాదిలో పడిందో తెలియదు. నవాబు తోట ఎక్కడుండేదో చూపించమంటే, అన్నీ ప్రహరీ గోడలే, నాకే దారి దొరకదు.

నర్సరీలో స్వప్న గొంతు తగ్గించి, “అన్నా, ఆ అంటుదే ఇయ్యి. మా అవ్వ పువ్వు చూడాలె గద,” అంటున్నది. నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి.

“విత్తనందే తీస్కో,” అన్నాను.

“ఏడెనిమిదేండ్లంట అవ్వా...”

“పట్టనీ. గప్పుడంటే అత్తగారింటికి పోవుడుండె. ఇప్పుడు నేనేడికి పోతున్ననే?”

అది నవ్వి, నేను చూపించిన మొక్కనే కొన్నది. కారులో కుండీని నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. కొత్త ఇంట్లో స్నానం నీళ్లు ఎటు పారుతాయని అడిగితే, పైపులో పడి భూమి లోపలి నుంచే పోతాయన్నది.

“ఆ పైపును చెట్టు దిక్కు మలపమను మేస్త్రీని,” అన్నాను. “నా తానం నీళ్లు దానికే పోవాలె.”