కొండ మీదా, హాల్లోనా?

కాల్డర్ లోయలో వాన పడని రోజు వస్తే దాన్ని వారం పాటు చెప్పుకుంటాం. అలాంటి చోట ఆరుబయట పండగలు పెట్టుకున్న ఘనులం మేము. ఊళ్లో మర్యాద తెలిసినవాళ్లు మమ్మల్ని పేగన్లు, అంటే చర్చికి ముందటి పాత దేవతల్ని కొలిచేవాళ్లు అంటారు. తెలియనివాళ్లు అనేది ఇక్కడ రాయను. ఏడాదికి ఎనిమిది పండగలు. ప్రతిదానికీ హార్ గుట్ట ఎక్కాలి, పైనున్న నిలువురాయి చుట్టూ గుండ్రంగా నిలబడాలి, నాలుగు దిక్కుల్నీ పిలవాలి, ఇనప మూకుడులో నిప్పు రాజెయ్యాలి, కొమ్ములో పోసిన తేనెసారా తలా ఒక గుక్క తాగి దిగిరావాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం మావిస్ ఓగ్డెన్ ఉండాల్సిందే.

మావిస్ మా పక్కింటావిడ. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడి ముందు రోడ్డు మధ్యలో, పొడుగు కర్రకు బిగించిన గుండ్రటి బోర్డు పట్టుకుని పిల్లల్ని దాటించింది. ఆ ఉద్యోగానికిచ్చిన పసుప్పచ్చ కోటు లేకుండా కనిపిస్తే ఊళ్లో సగం మంది ఆమెను గుర్తుపట్టేవాళ్లు కాదు. చిన్నప్పుడు చర్చిలో పాడేదట. తల్లి పోయాక ఆ గోడల మధ్య ఊపిరాడక గుట్ట మీద తిరగడం మొదలుపెట్టింది. అక్కడే రోవన్ దొరికింది. పుట్టినప్పుడు ఆవిడ బ్రెండా. గుట్ట ఎక్కాక చెట్టు పేరు పెట్టుకుని రోవన్ అయింది. ఇద్దరూ కలిసి మా బృందాన్ని నిలబెట్టారు. ఒకరింటి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేది. రోవన్ చేతులు చాచి దిక్కుల్ని పిలిచేది, మావిస్ మబ్బుల్ని చూసేది. పాడినవాళ్లు గుర్తుంటారు గానీ గొడుగు పట్టినవాళ్లు ఎవరికి గుర్తుంటారు?

పండగ రోజు పొద్దున్నే మావిస్ ఫోన్‌లో వాతావరణం చూసేది. అది నమ్మక, గుట్ట మీద గొర్రెలు కాసుకునే ఆసామికి ఫోన్ చేసి, "అక్కణ్ణుంచి టీవీ టవర్ కనిపిస్తోందా?" అని అడిగేది. కనిపిస్తే కొండ. కనిపించకపోతే కింద స్కౌట్ల హాలు. ఆ మాట రోవన్‌కి చెప్పేది, రోవన్ మా బృందంలోనే ఉన్న కీత్‌కి, కీత్ ఇంకొకరికి, అలా గొలుసులాగా అందరికీ చేరేది. హాలంటే ఎవరికీ పడదు. అక్కడ కొవ్వొత్తి వెలిగించకూడదు. ఒకసారి కోతల పండగకి కీత్ సాంబ్రాణి లాంటిదేదో ముట్టిస్తే పొగ అలారం మోగి, దేవత రాలేదు గానీ ఫైరింజన్ వచ్చింది.

నిజం చెప్పాలంటే మావిస్ అంచనా చాలాసార్లు తప్పేది. హాలన్న రోజు ఎండ కాసేది. మాలో కొందరు ఆమెకి 'మబ్బు మావిస్' అని పేరు పెట్టారు. "మావిస్ తుమ్మితే పండగ వాయిదా" అనేది రోవన్, నవ్వుతూనే. ఆ జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలుసు. ఒక ఫిబ్రవరి పండక్కి మావిస్ కొండే అంది, పైకి వెళ్లాక పొగమంచు కమ్మింది, దిగుతూ కీత్ జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. అతన్ని వీపున వేసుకుని దింపినవాడు మావిస్ భర్త డెరిక్.

డెరిక్‌కి మా దేవతలతో పనిలేదు. వలయంలోకి ఎప్పుడూ రాలేదు. కట్టెలు మోసి పైన పడేసి, వ్యాన్‌లోకి వెళ్లి కూర్చుని రేడియో వినేవాడు. "ఏమోయ్, మీ దేవతలకి రెయిన్‌కోటు ఇచ్చారా లేదా?" అని నన్ను ఏడిపించేవాడు. వసంతంలో ఒక మంగళవారం, గరాజులో వ్యాన్ చక్రం విప్పుతూ అక్కడే కూలబడి పోయాడు. దహనం అయింది, పరామర్శ టీలు అయ్యాయి, సంతాపం కార్డులు వచ్చాయి. మావిస్ పెద్దగా ఏడవలేదు. "సావిన్ రానీ విన్నీ, అప్పుడు చూసుకుందాం" అనేది నాతో.

సావిన్ అంటే అక్టోబరు చివర మాకు వచ్చే పోయినవాళ్ల పండగ. ఆ ఏడాది పోయిన మనిషి పేరును, ఆ మనిషికి అందరికన్నా దగ్గరివాళ్లు రాయి దగ్గర పడమటికి తిరిగి గట్టిగా పిలవాలి. మిగతావాళ్లందరూ ఒక్క గొంతుతో "వెళ్లి రా" అనాలి. కొమ్ములోంచి ఆ దగ్గరివాళ్లే మొదటి గుక్క తాగాలి. అంతటితో సాగనంపినట్టు. ఒక మనిషిని ఒక్కసారే పిలవాలి. రెండోసారి పిలిస్తే దారిన పడ్డవాణ్ని చొక్కా పట్టుకుని వెనక్కి లాగినట్టు. ఈ నియమం పెట్టింది కూడా మావిసే. అప్పట్లో ఒకావిడ ఏడాదికేడాది వాళ్లమ్మనే పిలుస్తూ ఇంటికెళ్లి మంచం పట్టేది. "పాపం, ఆ ముసలమ్మని పోనివ్వు తల్లీ" అని మావిసే ఆవిడ చెయ్యి పట్టుకుని మాన్పించింది.

ఆ సావిన్‌కి తుపాను గాలులని హెచ్చరిక వచ్చింది. పొద్దున మావిస్ మా వంటింట్లో నిలబడే ఫోన్ చేసింది.

"రోవన్, ఇవాళ వద్దే. గాలి మామూలుగా లేదు. వచ్చే ఆదివారం పెట్టుకుందాం."

"హాల్లో చేద్దామా పోనీ?"

"డెరిక్‌ని ఆ ట్యూబులైటు కింద పిలవలేనే. కొండ మీదే పిలుస్తా. ఒక్క వారం ఆగండి."

"నీ ఇష్టం మావిస్. మేమెక్కడికి పోతాం? ఆదివారమే."

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. సాయంత్రానికి లోయ మీద ఒక్క మబ్బు లేదు, మావిస్‌ని వెక్కిరించడానికే అన్నట్టు అంత నీలం. మావిస్ మా కిటికీ దగ్గర కూర్చుని ఒకటే నసుగుడు. "తప్పు చెప్పాను విన్నీ. అందరి పండగా పాడుచేశాను." ఉండబట్టలేక మళ్లీ రోవన్‌కి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, రెండువైపుల మాటలూ విన్నాను.

"రోవన్, ఆకాశం విప్పుకుందే. ఏమనుకోకు. ఇప్పుడైనా అందర్నీ పిలుద్దామా? నేను కోటు వేసుకునే ఉన్నా."

"ఇప్పుడేంటి తల్లీ, అందరూ ఇళ్లల్లో సర్దుకుని ఉంటారు. నేనూ కాళ్లు చాపుకుని కూర్చున్నా. తప్పులు అందరూ చేస్తారు, మనసులో పెట్టుకోకు. ఆదివారం చూద్దాం."

"నువ్వు మంచిదానివే" అని మావిస్ ఫోన్ పెట్టేసింది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

ఆదివారం అందరం గుట్ట ఎక్కాం. మావిస్ డెరిక్ టోపీ పెట్టుకుని వచ్చింది. కట్టెలు తనే మోసింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎందుకో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. నేను దుఃఖమనుకున్నాను. రోవన్ దిక్కుల్ని పిలిచింది. మావిస్ రాయి దగ్గరికి నడిచి, పడమటికి తిరిగి, గుండెల నిండా గాలి పీల్చుకుని పిలిచింది. అంత గొంతు ఆమెకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"డెరిక్ ఓగ్డెన్!"

"వెళ్లి రా" అన్నాను.

నా గొంతు ఒక్కటే వినిపించింది. చుట్టూ చూశాను. ఒకడు బూట్ల వైపు చూస్తున్నాడు, ఒకావిడ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. రోవన్ మాత్రం ఆలస్యంగా "వెళ్లి రా" అంది. అప్పటికే మావిస్ వెనక్కి తిరిగింది.

"ఏమైంది? ఎవరూ పలకరేం?"

కీత్ నిప్పు మూకుడు పక్కన కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. "మా వల్ల కాదు మావిస్. ఒకసారి అనేశాం. నీ నియమమే కదా. మళ్లీ అంటే ఆయనకి మంచిది కాదని నోరు రాలేదు."

"ఎప్పుడన్నారు?"

"పండగ రోజే. ఇక్కడే."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు అర్థమైంది, గొలుసు రెండోసారి కూడా తిరిగిందని, ఈసారి రోవన్ దగ్గర మొదలై మా రెండిళ్లనూ దాటుకుంటూ పోయిందని. నాకెందుకు చెప్పలేదో వేరే చెప్పాలా, నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు.

రోవన్ ముందుకొచ్చి మావిస్ చెయ్యి పట్టుకోబోయింది. "మంచికే చేశాం మావిస్. రెండేళ్లుగా హాల్లోనే చేస్తున్నాం, అందరూ విసిగిపోయారు. ఆరోజు మధ్యాహ్నం వాతావరణం అంత బాగుంటే వదులుకోలేకపోయాం. నీకు చెబితే వద్దంటావు, వాదన అవుతుంది. మరి సావిన్ చేసుకుంటూ డెరిక్‌ని వదిలెయ్యడానికి మనసొప్పలేదు. అందుకే నేనే పిలిచాను."

"నువ్వు పిలిచావా?"

"ఇంకెవరు పిలుస్తారు? నీ తర్వాత నేనేగా."

"మొదటి గుక్క?"

రోవన్ చూపు కొమ్ము మీదికి పోయింది.

"మొదటి గుక్క ఎవరు తాగారే?"

"నేనే."

మావిస్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను నీకు ఫోన్ చేశాను. వెళ్దాం, కోటు వేసుకునే ఉన్నానన్నాను. అప్పుడెక్కడున్నావు?"

"మావిస్, వదిలెయ్ ఇప్పుడు."

"ఎక్కడున్నావని అడుగుతున్నా."

"ఇక్కడే."

"అప్పటికి పిలిచేశారా ఆయన్ని?"

రోవన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు. అబద్ధం చెప్పే అవకాశం ఆవిడకి మళ్లీ ఉంది. ఎందుకో ఈసారి చెప్పలేదు.

"ఇంకా లేదు" అంది.

అంటే ఆమె కోసం ఆగగలిగేవాళ్లే. మా ఇంటి నుంచి గుట్ట మీదికి ఎంతసేపు? మావిస్ ఆరోజు పరిగెత్తుకుంటూనే వచ్చేది. వస్తానని అడిగిన మనిషిని తప్పులు అందరూ చేస్తారులే అని ఓదార్చి, ఫోన్ జేబులో పెట్టుకుని, ఆమె మొగుడి పేరు ఈవిడ పిలిచింది. ఇరుగుపొరుగు చేసే ద్రోహాలు నేను చాలా చూశాను. ఇంత మెత్తటి మాటలతో చేసింది మాత్రం చూడలేదు. నాకొచ్చిన తిట్లన్నీ అక్కడే తిట్టేశాను, దేవతలు ఉన్నారో లేరో కూడా చూడలేదు. కీత్ ఏడుస్తున్నాడు. రోవన్ తేనెసారా నింపిన కొమ్ము తెచ్చి మావిస్‌కి అందించబోయింది.

"ఇప్పుడు తాగు మావిస్. నీదే."

మావిస్ దాన్ని అందుకోలేదు. అరవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆరోజు పైన గాలి ఉందా?"

"లేదు. చాలా ప్రశాంతంగా ఉంది" అంది రోవన్.

మావిస్ తలూపింది, దిగడం మొదలుపెట్టింది. నేను వెనకే దిగాను. అలవాటుకొద్దీ జారే చోటల్లా ఆగి నాకు చెయ్యి అందించింది. సగం దారిలో గొర్రెల గేటు దగ్గర నిలబడిపోయి, గేటు పట్టుకుని నా వైపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"విన్నీ, నాకు తెలియదు కదా. ఆయన అప్పటికే బయల్దేరాడని నాకు తెలియదు."

"నీకెలా తెలుస్తుంది మావిస్?"

"మరి నేనిప్పుడు వెనక్కి లాగానా ఆయన్ని?"

"లేదు. లేనే లేదు" అన్నాను.

ఆమె నన్ను నమ్మలేదు.