దివాణం చిరునామాకు వచ్చిన ఉత్తరం

మా ముత్తాతగారు నాలుగు గ్రామాల శిస్తు అనుభవించిన మొఖాసాదారు. వారి కుమారులు, అంటే మా తాతగారు, పదేళ్లు తాలూకా బోర్డు సభ్యులు. ఆయన పడవ వస్తోందంటే కాలవ లాకుల దగ్గర మిగతా పడవలు ఒడ్డుకు జరిగి దారి ఇచ్చేవని నాయనమ్మ చెప్పేది. నాన్నగారి నాటికి గ్రామాలూ పోయాయి, పడవా పోయింది. ఇల్లూ, కొద్దిపాటి చేనూ మిగిలాయి. ఊళ్లో ఆ ఇంటిని దివాణం అనేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దాని ముందుభాగాన్ని ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుకు అద్దెకిచ్చి, మేము వెనక వంటశాల వైపున్న మూడు గదుల్లోకి మారాం. చితికిపోయిన కుటుంబమని జనం అనుకునే ఉంటారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. అద్దెకిచ్చిన రోజు నుంచి నాన్నగారు మాత్రం ముందు హాల్లో అడుగు పెట్టలేదు. అద్దె స్కూలువాళ్లే పెరటి గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు.

తొంభైల చివర్లో ఎంసెట్ రాశాను. ర్యాంకు చాలక, బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. చెడ్డ కాలేజీ ఏమీ కాదు. కానీ నాకు కావలసింది విశాఖపట్నంలోని యూనివర్సిటీ సొంత కాలేజీ. ఏదో ఒక దానితో సరిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మొదటి సంవత్సరం మార్కులను బట్టి, అక్కడ ఖాళీ అయిన సీట్లలోకి రెండో సంవత్సరంలో మారవచ్చని మా కాలేజీలో పక్క ఊరి అబ్బాయి ఒకడు పేపరు కటింగు తెచ్చి చూపించాడు. నా బ్రాంచిలో ఖాళీలు రెండే. ఆ ఏడాది రెండు సెమిస్టర్లూ ఆ రెండు సీట్లలో ఒకటి నాదేనన్నట్టు చదివాను.

దరఖాస్తుకు మా ప్రిన్సిపాల్ గారి నుంచి అభ్యంతరం లేదన్న కాగితం జతచేయాలి. ఆయనకు ఉత్తరం నాన్నగారే రాశారు. మా ఇంట్లో అర్జీలు అందుకోవడం తెలుసు గానీ రాయడం ఎవరికీ అలవాటు లేదు. ‘మా అమ్మాయిని విశాఖపట్నం పంపదలచాము. అవసరమైన కాగితం ఇప్పించగలరు’ అని రెండు వాక్యాలు రాసి, కింద సంతకం చేశారు. ప్రిన్సిపాల్ గారు దాన్ని రెండుసార్లు చదువుకున్నారు.

“మీ నాన్నగారు నాకే పర్మిషన్ ఇచ్చినట్టుందమ్మా” అని నవ్వి, కాగితం మీద సంతకం పెట్టారు.

ఇక దరఖాస్తు. నేను పూర్తిచేస్తుంటే నాన్నగారు పక్కనే కూర్చున్నారు. చిరునామా గడి దగ్గరికి రాగానే కలం తీసుకుని, నా పేరు కింద ‘దివాణం’ అని, దాని కింద ఊరి పేరు, జిల్లా పేరు రాశారు. డోర్ నంబరు అడుగుతున్నారన్నాను.

“దివాణానికి నంబరేంటమ్మా? ఊళ్లో ఇంకో దివాణం ఉందా?” అన్నారు.

నేను వాదించలేదు. నిజం చెప్పాలంటే ఆ అచ్చు కాగితం మీద ఆ మాట నాకూ నచ్చింది.

తరువాత ఎదురుచూపు. కొబ్బరాకుల సందుల్లోంచి మధ్యాహ్నపు ఎండ పెరట్లో పడే వేళకు పోస్టు వచ్చేది. ఇదివరకటి పోస్ట్‌మన్ అయితే ముప్పై ఏళ్లు మాకు ఉత్తరాలు తెచ్చినవాడు. ఆయన రిటైరయ్యాక పిఠాపురం వైపు నుంచి ఒక కుర్రాయన వచ్చాడు. సైకిల్ బెల్లు వీధిలో వినిపించేది, మా గుమ్మం దాటి పోయేది. నేను పుస్తకం పట్టుకుని కూర్చున్నట్టే కూర్చునేదాన్ని. దుఃఖంగా ఏమీ లేదు. నాయనమ్మతో కలిసి పెసరట్లు వేసుకోవడం, సాయంత్రం కాలవగట్టు మీద నడవడం, రాత్రి రేడియో. ఆ నెల రోజులు తీరిగ్గా, హాయిగానే గడిచాయి. సీటు వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్లకు ఎదురుచూడటం కష్టం కాదు.

ఒక గురువారం సాయంత్రం పేపరు కటింగు అబ్బాయి స్కూటరు మీద వచ్చాడు. అతనిది వేరే బ్రాంచి. సీటు వచ్చిందట. సోమవారం పది గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలట, రాకపోతే జాబితాలో తరువాతి వాళ్లకు ఇచ్చేస్తారట.

“మీరు ఏ ట్రైనుకి వెళ్తున్నారండి?” అని అడిగాడు.

నాకింకా ఉత్తరం రాలేదన్నాను.

“నాకు వచ్చి తొమ్మిది రోజులైందండి. అంటే మీది…” అని ఆగిపోయి, మజ్జిగ గ్లాసు సగంలోనే పెట్టేసి వెళ్లిపోయాడు.

పోస్టాఫీసుకు వెళ్లి అడుగుతానన్నాను. నాన్నగారు ఒప్పుకోలేదు. ఉత్తరం మన దగ్గరికి వస్తుంది గానీ మనం ఉత్తరం దగ్గరికి వెళ్లడం ఈ ఇంట్లో లేదన్నారు. రావలసినదైతే వస్తుందన్నారు. ఆయనకు చెప్పకుండా వెళ్లవచ్చు. నేను వెళ్లలేదు. నేనూ ఆ ఇంటి పిల్లనే.

కత్తిపీట ముందు ఆనపకాయ తరుగుతున్న నాయనమ్మ తల ఎత్తలేదు.

“ఏరా అబ్బాయ్, మీ నాన్నగారూ పని కోసం ఎవరి దగ్గరికీ వెళ్లేవారు కాదు, నిజమే. ఆయన వెళ్లకపోతే ఊరే వచ్చేది. నీ కోసం ఎవరొస్తున్నారు?” అంది. తరిగిన ముక్కలు గిన్నెలోకి తోస్తూ, “పిల్ల సీటు పోతే నీ పరువు దానికి పాఠాలు చెబుతుందా?” అంది.

మర్నాడు పొద్దున్న నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టుకుని, కండువా వేసుకుని, “రామ్మా” అన్నారు.

పోస్టాఫీసు ఉన్న స్థలం తాతగారు ఇచ్చిందే. అయినా నాన్నగారు అందులోకి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. కిటికీ ముందు మనియార్డర్ల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. ఆయన్ను చూసి పక్కకు జరిగారు.

“మీ పని కానివ్వండి” అని వాళ్ల వెనకే నిలబడ్డారు. నాలుగు మనియార్డర్లు అయ్యేదాకా నిటారుగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఉన్నారు. నేను ఆయన వెనక నిలబడ్డాను. అంత గర్వంగా నేను ఎక్కడా నిలబడలేదు.

మా వంతు వచ్చింది. ఉత్తరం సంగతి చెప్పగానే లోపల సంచి సర్దుకుంటున్న పోస్ట్‌మన్ లేచి వచ్చాడు.

“దివాణం అని ఉన్నదేనాండి? అదెప్పుడో ఇచ్చేశానండి.”

“ఎవరికి ఇచ్చారు?”

“దివాణంలోనేనండి. స్కూల్లో. అందరూ దాన్నేగా అండి దివాణం బడి అంటారు?”

నాన్నగారు ఒక్క క్షణం అతన్ని చూశారు. అతని తప్పేమీ లేదని ఆయనకు వెంటనే అర్థమై ఉంటుంది. “సరే బాబూ” అన్నారు.

తిరిగి వస్తూ పెరటి వైపు తిరగలేదు. తిన్నగా వీధి గుమ్మం ఎక్కారు. తాతగారు తీర్పులు చెప్పిన హాల్లో ఇప్పుడు నల్లబల్ల, బెంచీలు. నాన్నగారు గడప దాటగానే మూడో తరగతి పిల్లలంతా లేచి గుడ్ మార్నింగ్ సార్ అని రాగం తీశారు. ఆయన తడబడి, రెండు చేతులూ ఎత్తి వాళ్లకు నమస్కారం పెట్టారు.

హెడ్‌మిస్ట్రెస్ గారు సొరుగులోంచి కవరు తీసి ఇస్తూ చాలా నొచ్చుకున్నారు. సర్టిఫికెట్లో నా పేరు మా తాతమ్మగారి పేరు. నన్ను ఊళ్లో ఎవరూ అలా పిలవరు. ఆ పేరుగల పిల్ల బడిలో ఎవరూ లేరని పక్కన పెట్టారట. మా వంటింటి గోడకు ఇరవై అడుగుల దూరంలో ఆ ఉత్తరం దాదాపు పది రోజులు ఉంది.

నాన్నగారు కవరు చింపలేదు. నా చేతికిచ్చారు. “నీ పేరున వచ్చింది” అన్నారు.

అక్కడే, పిల్లల బెంచీ చివర కూర్చుని చదివాను. రెండింటిలో మొదటి సీటు నాది. సోమవారం పది గంటలు. పైకి చదివి వినిపించాను. నాన్నగారు హాలు పైకప్పు వైపు చూస్తూ విన్నారు. ఆ తరువాత హెడ్‌మిస్ట్రెస్ గారిని పిల్లలు ఎంతమంది, వానాకాలం ఎక్కడన్నా కారుతోందా అని అడిగి తెలుసుకున్నారు. అరగంట అక్కడే ఉన్నాం. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆయన అంత సంతోషంగా గడిపిన అరగంట మరొకటి లేదు.

ఆదివారం రాజమండ్రిలో రైలెక్కాం. సోమవారం సర్టిఫికెట్లు చూసి, నా పేరు రిజిస్టరులో రాసుకున్నారు. ఫీజుకూ హాస్టలుకూ వారం గడువిచ్చారు. ఆ వారంలో, పంటకాలవ కింద మాకు మిగిలిన రెండెకరాల చేనూ రొయ్యల చెరువు తవ్వుకునేవారికి అమ్మేశాం.