తిన్నగా వచ్చిన గీత

మా ఆయన షాపుల బోర్డులు రాసేవాడు. రాసే ముందు గీత తిన్నగా పడటానికి గోడ మీద సుద్దదారం లాగి కొట్టాలి. ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకునేదాన్ని. అప్పట్లో నాకు చదువు రాదు. ఆయన ఏం రాసినా నాకు అవి రంగులే. మా అమ్మాయి నర్సింగులో చేరాక నేను రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దాను. నేను కూడబలుక్కుంటూ బోర్డులు చదవడం మొదలుపెట్టేసరికి ఊళ్లోకి ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. తర్వాత కుడిచేతికి వణుకు పట్టుకుంది.

అమ్మాయి ఇంగ్లండులో ఉద్యోగం వచ్చి మమ్మల్ని లీడ్స్‌కి తెచ్చుకునేనాటికి ఆయన టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. బ్రష్షు మాటెత్తితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయేవాడు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవాడు. ఆయన చేత ఏదో ఒకటి గీయించగలిగితే మనిషి మళ్లీ మనుషుల్లో పడతాడని అమ్మాయి ఆశ. ఆసుపత్రి డ్యూటీల రోటాలో ఆఫ్ దొరికిన ఒక రోజు, కొత్తగా బాగుచేసి తెరిచిన బొమ్మల మ్యూజియానికి మమ్మల్ని తీసుకెళ్లింది.

పై అంతస్తులో పాత తైలచిత్రాలు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

కింద కొత్తగా కట్టిన హాల్లో బొమ్మలే లేవు. మసక వెలుతురులో మెరిసే గాజు బల్లలున్నాయి. బల్ల మీద వేలితో ఏది గీస్తే అది ఎదుటి గోడ మీద పెద్దగా పడుతుంది. అమ్మాయి ఆయన్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

“ఒక్కసారి ట్రై చెయ్యి నాన్నా. బ్రష్షు కూడా అక్కర్లేదు.”

“నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికి తెచ్చావా?” అన్నాడు. అయినా కాసేపటికి వేలు పెట్టాడు. వణుకుతూనే ఎడమ నుంచి కుడికి ఒక గీత లాగాడు.

గోడ మీద గీత తిన్నగా వచ్చింది.

ఆయన గోడవంక చూశాడు. తన చేతివంక చూసుకున్నాడు. దాని కింద ఇంకోటి గీశాడు. అదీ అంతే. చాలా రోజుల తర్వాత ఆయన మొహం నిండా నవ్వు చూశాను. ఇక్కడ రంగు డబ్బాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గర్లో షాపు ఎక్కడుందో కౌంటర్లో కనుక్కుని వస్తానని వెళ్లింది.

ఆయన హుషారుగా నన్ను పిలిచాడు. “నువ్వూ రాయవే. మీ పంతులమ్మ నేర్పిందేదో రాయి, చూద్దాం.”

నేను ‘అ’ రాశాను. నా రాత ఎప్పుడూ కోడి గెలికినట్టే ఉంటుంది. పెద్దయ్యాక వంచిన వేళ్లు కదా, వంగవు. కానీ గోడ మీద ‘అ’ గుండ్రంగా, ఆయన బోర్డు మీద రాసినంత అందంగా వచ్చింది. నేను మురిసిపోయి ఆయనవైపు తిరిగాను. ఆయన గోడవైపు చూడటం లేదు. నా వేలివంకే చూస్తున్నాడు.

“ఇంకోసారి రాయి. కావాలని వంకరగా రాయి.”

ఎందుకో నాకు అప్పటికి తట్టలేదు. వంకరటింకరగా ఒక గీత లాగాను. వేలు ఎటు పోయినా గోడ మీద గీత మాత్రం తిన్నగానే నిలబడింది. వంకర్లన్నీ ఆ బల్లే దిద్దేస్తోందని అప్పుడు తెలిసింది. ఆయన చెయ్యి తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

అమ్మాయి షాపు పేరు కాగితం మీద రాయించుకుని సంబరంగా వచ్చింది. ఆయన లేచాడు. “రంగులు వద్దులేమ్మా. నాకు కళ్లు సరిగ్గా ఆనటం లేదు.”

ఇందాక బాగానే చూశావు కదా అని అది ఎంత అడిగినా ఆయన అదే మాట. నావైపు ఒక్కసారి చూశాడు. నేను నోరు విప్పలేదు. బస్సులో అమ్మాయి మధ్యలో కూర్చుని, పాపం, కళ్ల గురించే మాట్లాడింది.

తర్వాతి వారం పట్టుబట్టి కళ్లజోళ్ల షాపుకు తీసుకెళ్లి పరీక్ష చేయించింది. చూపు చక్కగా ఉందని, అద్దాలు కూడా అక్కర్లేదని వాళ్లు చెప్పారు. ఆయన సరేనన్నట్టు తలూపి, కోటు గుండీలు నన్ను పెట్టమని నా ముందుకొచ్చి నిలబడ్డాడు.