బొమ్మ గాదు పంతులూ, బండి

ఈరన్న గారి మరణవార్త నాకు ఆయన పేరుతో రాలేదు. సాయంత్రం చాయ తాగుతుంటే ఫోను మోగింది. మా పాత పాఠశాలలో అటెండరుగా చేసిన శాంతయ్య.

"పంతులు సారూ, బొమ్మల సారు పోయిండంట గదా! ధరూర్ దిక్కు రాతిగుండ్లల్ల పడిపోయిండంట. మీకు తెల్వదా?"

చేతిలో గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో గుర్తు లేదు. ముప్పై ఏండ్ల సహచరుడు, నిష్కల్మష హృదయుడు, నాకన్నా రెండేండ్లు చిన్నవాడు. ఆ దిగ్భ్రాంతిలో ఫోను పెట్టేశాను. పెట్టేయడమే మంచిదైంది. లేకపోతే "ఆయనకు పేరు లేదురా?" అని శాంతయ్యను తిట్టేవాణ్ణి. తిట్టే హక్కు నాకు లేదు. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే.

విశ్రాంత ఉపాధ్యాయుల సంచికలో ఈరన్న గారి మీద నాలుగు మాటలు రాయమన్నారు. "మీరైతే బ్రహ్మాండంగా రాస్తరు సారూ" అన్నారు. నిజమే, నేను బ్రహ్మాండంగానే రాస్తాను. ఆయన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది ఆ బ్రహ్మాండమైన రాతే. అందుకని ఈసారి అలంకారాలు తగ్గించి రాస్తున్నాను. అలవాటు కొద్దీ అక్కడక్కడ సంస్కృతం దొర్లితే మన్నించండి, ముసలి నాలుక.

పెద్దమందడి పాఠశాలలో మేమిద్దరం ఒకే నెలలో చేరాం. నేను తెలుగు పండితుణ్ణి, ఆయన భౌతికశాస్త్రం. తర్వాత గద్వాలకూ వెనకా ముందూగా వచ్చాం. బక్కపలుచని మనిషి, మితభాషి. క్లాసులో గొంతు పెంచగా నేను వినలేదు. గరిమనాభి పాఠం చెప్పాలంటే తన టిఫిన్ డబ్బానే వాలుబల్ల మీద పెట్టి, అది ఎప్పుడు పల్టీ కొడుతుందో పిల్లలనే చెప్పమనేవాడు. డబ్బా పడి పప్పన్నం నేలపాలైన రోజున నా డబ్బాలోది తినేవాడు. "ప్రయోగం సక్సెస్ పంతులూ, నాకే ఆకలి మిగిలింది" అని నవ్వేవాడు.

రిటైరయ్యే ముందు మూడు నాలుగేండ్ల కాలంలో ఆయనకు ఆ వ్యసనం పట్టింది. వ్యసనమని అప్పట్లో నేనన్న మాట. మూరెడు పొడుగున్న చిన్న లారీ. దాన్ని క్రాలర్ అంటారట. చేతిలో రిమోటు, దూరం నుంచి నడపాలి. పరుగెత్తదు, పాకుతుంది. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది కనుక రాళ్లెక్కుతుంది, అదే దాని పని. ఎవరో పాడైందని పక్కన పడేసిన దాన్ని తెచ్చుకుని బాగు చేసుకున్నాడు. టైర్ల లోపల పాత పరుపు స్పాంజి. విరిగిన కడ్డీ స్థానంలో గొడుగు కమ్మి. ఎక్కేటప్పుడు బండి మూతి మీదికి లేవకుండా ముందు చక్రాల్లో సీసం ముక్కలు. అంతా ఇంట్లో మూలన పడున్న సామానే.

"నువ్వు నమిలి ఊంచే పాన్ ఖర్చుకన్న తక్కువల నడుస్తది నా బండి" అనేవాడు. "రాళ్లకు కిరాయి లేదు, టికెట్టు లేదు. మన పాలమూరుకు దేవుడు వాన ఇయ్యకున్నా రాళ్లు మస్తు ఇచ్చిండు గద, వాటినన్న వాడుకోవద్దా?"

ఒకసారి బడి వెనక గుండ్ల దగ్గర నన్ను నిలబెట్టి చూపించాడు. నా నడుమెత్తు గుండు. బండి ఎక్కుతుంది, జారుతుంది, బోర్లా పడుతుంది. ఆయన రిమోటుతోనే చక్రాలు ఇటూ అటూ తిప్పి, దాన్ని లేపి, వెనక్కి దింపి, ఇంకో దారి వెతుకుతాడు. అరగంటకు నా ఓపిక అయిపోయింది. "చేత్తో ఎత్తి పైన పెట్టరాదయ్యా, పీడా పోతది!" అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"చెయ్యి పెడితే అది బొమ్మ అయితది పంతులూ. చెయ్యి పెట్టనంత సేపే బండి."

ఆ మాటలో ఎంత తాత్వికత ఉందో తెలుగు పండితుడైన నాకు అప్పుడు తట్టలేదు. తట్టింది ఒక్క "బొమ్మ" మాత్రమే.

ఆయన పదవీ విరమణ సభకు సన్మానపత్రం రాసే భారం నా మీదనే పెట్టారు. నాలో కవి మేల్కొన్నాడు. "విద్యార్థి హృదయాబ్జ విభాకరుడు, శకటక్రీడా లోలుడు, జరాగమనవేళ శైశవమును పునరాహ్వానించిన మన బొమ్మల సారు" అని గొంతెత్తి చదివాను. హాలు ఊగిపోయింది. విజిళ్లు, చప్పట్లు. వెయ్యిసార్లు పద్యం చదివినా రాని చప్పట్లు ఆ ఒక్క మాటకు వచ్చాయి. వేదిక మీద ఈరన్న గారు కూడా నవ్వారు. కోటు, పాగా, మెడలో దండ, ఆ నవ్వు, ఫోటోలో అన్నీ పడ్డాయి. పక్కన ఆయన భార్య సావిత్రమ్మ మాత్రం నవ్వలేదు. నేను గమనించాను. గమనించి పత్రానికి ఫ్రేము కట్టించి ఇచ్చాను.

ఇంకేముంది! కూరగాయల దుకాణంలో బొమ్మల సారు, ఆటోలో బొమ్మల సారు. "సారూ, మా బుడ్డోనికి గూడ ఒక బొమ్మ ఇయ్యరాదు?" అని నడిబజార్లో అడిగినవాళ్లున్నారు. వాళ్ల కాలనీ వెనక గుండ్ల దగ్గరికి పోతే కుర్రకారు ఫోన్లు పట్టుకుని తయారు. ఆయన కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. తర్వాత స్కూటర్ మీద బండి కట్టుకుని ధరూర్ అవతలికి, కృష్ణానది దిక్కున్న గుండ్లకు పోవడం మొదలుపెట్టాడు.

"అంత దూరం ఎందుకయ్యా?" అనడిగాను.

"గద్వాల రాళ్లన్నీ ఎక్కుడైపోయింది పంతులూ. గాడ కొత్త రాళ్లున్నయి."

ఆ అబద్ధాన్ని నేను నమ్మాను. నమ్మడం నాకు హాయిగా ఉండింది గనుక నమ్మాను.

పోయే ముందురోజు ఫోను చేశాడు. "రేపు రారాదు పంతులూ. ఒక్క గుండున్నది, పది రోజుల సంది ఎక్కనిస్తలేదు. రిమోట్ నీకే ఇస్త, నువ్వు జర పట్టుకో సాలు." నాకు సాహిత్య సభ ఉందన్నాను. "నీ బొమ్మలాటకు నన్నెందుకు గుంజుతవయ్యా, ఈ వయసుల?" అని కూడా అన్నాను. "సరే పంతులూ, సభ మంచిగ చేసుకో" అని పెట్టేశాడు. ఆ సభకు వచ్చింది ఏడుగురు, అందులో ఇద్దరు మైకువాళ్లు.

ఆ సభ రోజు పొద్దున్నే ఆయన గుండె ఆగి ఆ రాళ్ల నడుమ పడిపోయాడు. మధ్యాహ్నం గొర్లు మలుపుకొస్తున్న బీరప్ప అనే కాపరి చూసి, ఆటో పిలిచి దవాఖానకు చేర్చేదాకా ఆయన పక్కన మనిషి లేడు. కాలనీ వెనక గుండ్ల దగ్గరైతే పదిమంది ఉండేవాళ్లు. నవ్వేవాళ్లే కావచ్చు, మనిషి పడితే లేపేవాళ్లు కదా! ఆయన్ను అంత దూరం తరిమినవాళ్లలో మొదటివాణ్ణి నేను. గుండెపోటు ఎక్కడున్నా వచ్చేదని సావిత్రమ్మ తమ్ముడు నన్ను ఓదార్చాడు. ఆ ఓదార్పు నాకు అక్కరలేదు.

సంతాప సభ గురించి రాయకపోతే నా కడుపుమంట చల్లారదు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ. కోటు, పాగా వేసుకున్న ఆ సన్మానపు ఫోటో. కింద "శ్రీ ఈరన్న" అని చిన్నగా, "బొమ్మల సారు" అని జానెడు అక్షరాల్లో. ఫోన్లు పట్టుకుని నవ్విన మొహాలే ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ఆలస్యంగా వచ్చిన ఒక నాయకుడు ఫ్లెక్సీ చూసుకుని నేరుగా మైకు అందుకున్నాడు. "నిరుపేద చిన్నారులకు జీవితాంతం బొమ్మలు పంచిపెట్టిన మహాదాత ఈరన్న గారు" అన్నాడు. చప్పట్లు! ఒక్కడంటే ఒక్కడు కాదనలేదు. నేనూ అనలేదు. నా వంతు వచ్చినప్పుడు లేచి, శ్లోకం ఒకటి చదివి, గొంతు పూడుకుపోయిందని చెప్పి కూర్చున్నాను.

అంతా అయిపోయాక సావిత్రమ్మ నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఆ పేరంటే ఆయనకు ఎంత కష్టమైతుండెనో నీకు ఎరుకేనా? అయినా ఇంట్ల నిన్ను ఒక్క మాట అనలే. పంతులుకు మాటలంటే పావురం, మస్తు ప్రేమ, ఏదో అన్నడు తియ్యి అంటుండె." తిట్టినా బాగుండేది తల్లీ.

వారం తర్వాత ఆ గుండ్లు చూద్దామని ధరూర్ పోయాను. బీరప్ప కనిపించాడు, నలభై ఏండ్ల మనిషి, తలకు రుమాలు. ఈరన్న గారి దోస్తునని చెప్పగానే గుడిసెలోకి పోయి, గొంగడిలో చుట్టిన మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పితే బండి. మట్టి తుడిచి, చక్రాల సందున ఇరుక్కున్న ముల్లు కూడా తీసి ఉంచాడు.

"గుండు మీద సగం దాక ఎక్కి నిలబడ్డది సారూ. మర్నాడు పోయి తెచ్చిన. చెయ్యి పెట్టద్దంటుండె మా బండి సారు, గని ఏం జెయ్యాలె, వాన పడేటట్టు ఉండె."

"ఏమన్నవ్? ఏం సారు?"

"బండి సారు. మేము గట్లనే పిలుస్తుంటిమి. వేరే పేరు తెల్వదు."

ఈ భూమ్మీద ఆయన్ను ఆయన కోరుకున్న పేరుతో పిలిచిన మనిషి ఒక్కడున్నాడు. వానికి చదువు రాదు. నేనేమో భాషాప్రవీణుణ్ణి.

"మీటింగ్ కాడ్నే ఇద్దామని ఇది పట్టుకొని గద్వాలకు గూడ వచ్చిన సారూ" అన్నాడు బీరప్ప. "గేటు కాడ ఒకాయనను, బండి సారు మీటింగ్ గిదేనా అనడిగిన. గీడ బండి సారు ఎవరూ లేరు, ఇది బొమ్మల సారు మీటింగ్ అన్నడు. ఫోటో చూస్తే ఎవరో కోటు ఏసుకున్నాయన. మా సారు ఎప్పుడూ తలకు తువ్వాల చుట్టుకుంటుండె. అరే, గలత్ జాగకు వచ్చినం అని మర్లి ఆటో ఎక్కిన."

నేను లోపల శ్లోకం చదువుతున్న వేళకే, ఈరన్న గారి నిజమైన ఆప్తుడు ఆయన బండిని చంకలో పెట్టుకుని గేటు బయటి నుంచే వెనుదిరిగాడు. నా ఒక్క మాట వాణ్ణి వెనక్కి పంపింది. ఈరన్నా, నీ వంటి సహనశీలిని ఈ జన్మలో మళ్లీ చూడను. క్షమించమని అడగడానికి నువ్వు లేవు. ఉన్నా, క్షమించి నన్ను ఇంకా చిన్నబుచ్చేవాడివి.

నా మొహం చూసి బీరప్ప ఏమనుకున్నాడో, దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"ఆ బొమ్మల సారు ఎవరు సారూ? పాపం, ఆయన గూడ మా సారు పోయిననాడే పోయిండా?"

"అట్లాంటి మనిషి ఎన్నడూ లేడు బీరప్పా" అన్నాను. "నేను పుట్టించిన."